పదికి రెండు

ముందే ఒప్పుకుంటున్నాను, నాది పెంచి చెప్పే నోరు. నాకు జలుబు చేస్తే టెక్సాస్ అంతా తుమ్ముతుంది. కాబట్టి ఇందులో కొలతలూ లెక్కలూ మీరే కాస్త తగ్గించుకుని చదవండి.

మా బావగారికి ఫ్రిస్కోలో పిత్తాశయం తీసేశారు. ఆసుపత్రి గది ఎంత పెద్దదంటే, మంచం నుంచి కిటికీ దాకా వెళ్లాలంటే మధ్యలో ఎక్కడో ఆగి టిఫిన్ చెయ్యాలి. పొద్దున ఏడింటికి డ్యూటీ ఎక్కిన నర్సు మన తెలుగమ్మాయే. అది తెలిసిన మరుక్షణం బావగారు రోగి వేషం విప్పేసి మేనమామ అయిపోయారు.

ఆ అమ్మాయి చేతిలో ఆరుగురు రోగులు. ఎవరి గంటకు ముందు పరిగెత్తాలి, ఎవరి మందు ఆపాలి, ఏ డాక్టరును కదపాలి, ఏది సాయంత్రం దాకా ఆగుతుంది? నా లెక్కలో మధ్యాహ్నానికే నలభై వేల నిర్ణయాలు. నాలుగింటికి, "కిందికెళ్తున్నా, టీ తేనా కాఫీ తేనా అమ్మా?" అన్నాను. గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది.

"అంకుల్, ప్లీజ్, నన్నేం అడగొద్దు. మీరే ఏదో ఒకటి డిసైడ్ చేసి తెచ్చెయ్యండి."

ఆరింటికి మళ్లీ వచ్చింది. బావగారి నుదుటి నిండా చెమట.

"పెయిన్ ఎంత అంకుల్? పదికి?"

"రెండేనమ్మా. నువ్వు కాస్త కూర్చో తల్లీ, పొద్దుట్నుంచి నిలబడే ఉన్నావు."

పొద్దున ఇదే జవాబు చెబితే, దుప్పటి తీసి, కడుపు నొక్కి చూసి, "నా దగ్గరా మొహమాటం!" అని కసిరింది. ఇప్పుడు తన బదులు ఇంకెవరో నిర్ణయం తీసుకున్నట్టు ఊపిరి వదిలి, కంప్యూటర్లో రెండు కొట్టేసి, పక్క గదిలో మోగుతున్న గంటకు వెళ్లిపోయింది.

తలుపు పడగానే బావగారు పళ్లు బిగించారు.

"ఎనిమిది ఉంటుందిరా బామ్మర్దీ. చెప్పకు. ఇంకో గంటలో పిల్ల ఇంటికెళ్తుంది."

"అంకెలు మార్చే వృత్తి నాది కదా బావా, మీరెందుకు దిగారు?"

ఆ మాటకు నవ్వబోయి, నవ్వలేకపోయారు. నేను నడవాలోకి పరిగెత్తి ఆ అమ్మాయికి చెప్పాను. ఏడింటికొచ్చే నర్సు చూస్తుందిలే అంది.

ఏడింటికొచ్చిన నర్సు చెయ్యి వేసేసరికి కడుపు చెక్కలా బిగుసుకుపోయి ఉంది. లోపల పేగుకు చిల్లి. మళ్లీ కోశారు. కాస్త ముందు తెలిసుంటే, అని సర్జన్ మాట మధ్యలో ఆపేశాడు. మూడో రోజు బావగారు పోయారు.

ఆ అమ్మాయి మా అక్క దగ్గరకొచ్చింది. "పొద్దునైతే చూసేదాన్ని ఆంటీ. సాయంత్రానికి నా బుర్ర పనిచెయ్యలేదు."

"మా తమ్ముడు పరిగెత్తుకొచ్చి చెప్పినా చూడలేదా?" అంది అక్క.

ఆ అమ్మాయి నా ముఖంలోకి చాలాసేపు చూసింది.

"చెప్పారేమో ఆంటీ. నాకు గుర్తులేదు."

గది అంత పెద్దది కాదు. నిర్ణయాలు నలభై వేలూ కావు. అవి నా అలవాటు. నేను పూర్తిగా కల్పించింది ఆ పరుగొక్కటే. ఆ సాయంత్రం నేను కుర్చీలోంచి లేవలేదు.