శ్రావణం దాకా గడువు

తొంభైల చివర్లో పొద్దున్నే లేచి పంచాంగం క్యాలెండరు చూడడం నాకు అలవాటైపోయింది. భక్తి వల్ల కాదు. నేను పెళ్లి చేసుకోవాలనుకున్న మనిషి వీసా ముగిసే తేదీకి అందులోనే ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పెట్టుకున్నాను.

ఆయనది ఇటలీ. నేను పనిచేసే బొమ్మసంద్ర ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించడానికి వచ్చాడు. పని ముగించుకుని వెళ్లిపోయి, నా కోసం మళ్లీ వచ్చాడు, ఈసారి టూరిస్టు వీసా మీద. మా వీధి చివర మేడ మీద గది అద్దెకు తీసుకున్నాడు. టూరిస్టన్న పేరే గానీ ఆయన చూసిందల్లా లాల్‌బాగ్, మా వంటిల్లు. రోజూ సాయంత్రం గడప బయట చెప్పులు విప్పి, లోపలికొచ్చి, పీట మీద కూర్చుని, అమ్మ పెట్టే రాగిసంగటి కాలే వేళ్లతోనే తినేవాడు.

నాన్న పోయాక ఇంట్లో నేనూ అమ్మా ఇద్దరమే. పాలు పోసే ఆయన్ని అన్నా అని, కూరలమ్మే ఆమెను వదినా అని పిలిచే అమ్మ, ఈయనకు మాత్రం ఏ వరసా కలపలేదు. అన్నం పెట్టేది, నెయ్యి వేసేది. ఈ పెళ్లి సరేననీ అనదు, వద్దనీ అనదు. నాకు వీసా కన్నా ఆ మౌనమే ఎక్కువ భయం.

విదేశీయులు ఎక్కువ రోజులుంటే పోలీసుల దగ్గర నమోదు చేయించుకోవాలి. ఆయన ఆ గదిలోనే ఉంటున్నాడో లేదో కనుక్కోవడానికి ఒక పోలీసాయన వచ్చాడు. వీధిలో ఎవరిని అడిగినా మా ఇంటినే చూపించారట. అమ్మ ఆ పోలీసాయనకు కాఫీ ఇచ్చింది.

“ఈయన మీకేమవుతాడమ్మా?” అని అడిగాడాయన.

“ఏమీ గాడప్పా. మా ఇంట్లో అన్నం తిని పోతాడు, అంతే.”

తలుపు పక్కనే ఉన్నాను. ఒళ్లు మండిపోయింది.

రిజిస్టరు పెళ్లికి నెల ముందే నోటీసివ్వాలి. ఆయనకు ఇంతకుముందు పెళ్లి కాలేదని వాళ్ల దేశం వాళ్లు కాగితం రాసివ్వాలి. ఆ కాగితం ఎండలన్నీ అయిపోయాక, తీరిగ్గా వచ్చింది. నోటీసిచ్చి లెక్క చూస్తే నోటీసు నెల తీరేదీ ఆషాఢంలోనే, వీసా ముగిసేదీ ఆషాఢంలోనే. పెళ్లి సర్టిఫికెట్ తెస్తే గడువు పెంచుతామని, లేకపోతే దేశం వదిలి వెళ్లాల్సిందేనని వీసా ఆఫీసులో చెప్పారు. వెళ్తే మళ్లీ వీసా ఎప్పుడిస్తారో, అసలిస్తారో లేదో ఎవరికీ తెలియదు.

అమ్మకు చెప్పాను.

“ఆషాఢంలో ఎవురైనా పెండ్లి చేస్తారా? శ్రావణం దాకా ఆగలేరా?”

“మేం ఆగుతాం, వీసా ఆగదు.”

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టయింది నా పని. మూడో రోజు బియ్యం ఏరుతూ, అమ్మ తల ఎత్తకుండానే అంది.

“పొయ్యి సంతకాలు పెట్టుకోండి. అది పెండ్లి గాదు, సర్కారు పని. తాళి శ్రావణంలో కట్టిస్తా.”

గండం గడిచినందుకు సంతోషించాలి. కానీ అది పెళ్లి కాదన్న మాట గుచ్చుకుంది. సంతకాలకు తనెందుకని, అమ్మ రిజిస్ట్రారు ఆఫీసుకు కూడా రాలేదు. ఫ్యాక్టరీ స్నేహితులు ముగ్గురు సాక్షి సంతకాలు పెట్టారు. ఫ్యాను కింద కాగితాలు ఎగిరిపోకుండా నేనే చెయ్యి అడ్డం పెట్టాను. బయటికొచ్చి మైసూరుపాకు కొనుక్కుని, ఆటోలో మా ఇంటికొచ్చాం.

ఎప్పటిలాగే ఆయన చెప్పులు విప్పి కుడికాలు ఎత్తాడు.

“ఆడే నిలబడప్పా,” అంది అమ్మ లోపలినుంచి.

ఆయన కాలు వెనక్కి తీసుకున్నాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఇన్నాళ్లూ వంటింటి దాకా వచ్చిన మనిషిని ఇవాళే, సంతకాలు పెట్టి వచ్చిన రోజే, ఆపాలా?

“ఏమైందిప్పుడు? రోజూ వస్తాడు కదా.”

“రోజూ వేరే,” అంది అమ్మ. “ఆషాఢంలో అల్లుడు అత్త గడప తొక్కగూడదు. శ్రావణం దాకా బయటనే.”

అంటూనే వసారాలో కుర్చీ వేసింది. దాని ముందు స్టూలు పెట్టి, స్టూలు మీద కంచం పెట్టింది. సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి, రోజూ కన్నా ఎక్కువ నెయ్యి పోసింది. ఎదురింటామె చూస్తుంటే, “మా అల్లుడు,” అని చెప్పి లోపలికెళ్లిపోయింది.

నేను గడప లోపల కూలబడ్డాను. కళ్లనీళ్లు ఆగడం లేదు. ఆయన ముద్ద చేతిలో పట్టుకుని కంగారుగా నా వైపు వంగాడు.

“మీ అమ్మకు కోపం వచ్చిందా? ఏమంది?”

“నిన్ను అల్లుడంది.”

“అందుకా బయట కూర్చోబెట్టింది?”

“అందుకే,” అన్నాను.