జేబులు తిరగేసిన రోజు

నేను చదివింది మా ఊరి బడిలో ఏడో తరగతి. ఆ చదువుతోనే ముప్పై రెండేళ్లుగా కార్ల షెడ్డు నడుపుతున్నాను. ఇంజను చప్పుడు విని రోగం చెప్పేస్తాను. పెద్ద షోరూముల వాళ్లు చేతులెత్తేసిన బండ్లు పదకొండింటిని మళ్లీ రోడ్డెక్కించాను. అన్నిటికీ మించి, నా షెడ్డులో ఒక్క తాళంచెవీ పోలేదు. గోడకు చెక్క, చెక్కకు ఇరవై నాలుగు మేకులు, ప్రతి మేకుకూ నంబరు. "తాళం ఉంటే బండికుండాలి, లేదంటే మేకుకుండాలి" అని కొత్తగా చేరిన ప్రతి పనివాడి చేతా మూడుసార్లు చెప్పిస్తాను.

అయితే ఇది నా గురించి రాస్తున్నది కాదు, మా బావమరిది గురించి. నా భార్యకు తమ్ముడు. సొట్టలు తీయడం అతని పని. తలుపు రేకు వెనక ఎడమచెయ్యి ఆనించి, బయట సుత్తితో చిన్నచిన్నగా తట్టుకుంటూ పోతే సొట్ట ఎక్కడుండేదో కనిపెట్టడం నా వల్ల కూడా అయ్యేది కాదు. షెడ్డులో అందరికీ సుత్తిమామ. మాట తక్కువ. నేనే ఊరుకునేవాణ్ని కాదు.

"ఏమయ్యా, పొద్దున్నుంచీ ఆ ఒక్క తలుపునే నిమురుతున్నావు, పెళ్లి చేసుకుంటావా ఏంటి?"

"చేసుకుంటే తప్పేముంది బావా? నీలాగా గంటకోసారి అరవదు కదా."

ఒక సాయంత్రం ఒక టీచరమ్మ తన కారు కోసం వచ్చింది. ఎనిమిదో మేకు ఖాళీ. బండికీ లేదు. బల్ల కింద, నట్ల డబ్బాల్లో, నేలమీది గోనెపట్టాల కింద వెతికాం. ఆమె గడియారం చూసుకుంటోంది. ఇన్నేళ్లలో ఇలా ఎప్పుడూ జరగలేదమ్మా అంటుంటేనే నాకు ఒళ్లు మండిపోయింది. మధ్యాహ్నం ఆ బండిని ఎండలోంచి నీడకు తెచ్చింది బావమరిది.

"తాళం బండికే వదిలేశాను బావా."

"వదిలేస్తే ఏమైనట్టు, రెక్కలొచ్చాయా? జేబులు చూపించు."

"బావా..."

"చూపించవయ్యా! చూపిస్తే పోయేదేముంది?"

"వద్దండీ, ఇంట్లో ఇంకో తాళం ఉంది, తెప్పించుకుంటాను" అని టీచరమ్మ అంటూనే ఉంది. అతను ఒక్కో జేబూ బయటికి లాగి తిరగేశాడు. కొలత టేపు, దగ్గు బిళ్లలు, మనవరాలి జడ క్లిప్పు నా బల్లమీద పెట్టాడు. తిరగేసిన జేబులు వేలాడుతుండగానే సైకిలెక్కి వెళ్లిపోయాడు.

మర్నాడు రాలేదు. "అలిగాడు, వస్తాడులే" అన్నాను మా ఆవిడతో. ఆమె నా ముందు కంచం పెట్టి లోపలికి వెళ్లింది.

నాలుగో రోజు టీచరమ్మ ఫోన్ చేసింది. అద్దం కడిగే నీళ్లు పోద్దామని బానెట్ ఎత్తితే, బ్యాటరీ పక్కన నూనెగుడ్డలో చుట్టిన తాళం ఉందట.

ఆ గుడ్డ నాది. చుట్టింది నేను. ఇంజను బెల్టు సవరించేటప్పుడు తాళం తీసి నా కళ్లెదుటే, బ్యాటరీ పక్కన పెట్టుకుంటాను. ఆ మూడో చోటు నాకొక్కడికే. మా తొలి రోజుల్లో బావమరిది ఇంజను ఫ్యాను దగ్గర చెయ్యి పెట్టి ఉండగా, ఎవడో చూసుకోకుండా ఇంజను స్టార్ట్ చేశాడు. రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. అతని రక్తం కళ్లజూశాక నేను పెట్టుకున్న అలవాటు అది. ఆ రోజు బండి నీడకొచ్చాక, బెల్టు పని మధ్యలో ఎవరో పిలిస్తే బానెట్ దించేసి వెళ్లాను. ఆ సంగతే గుర్తు లేదు.

ఉన్నపళంగా వాళ్లింటికి వెళ్లాను. వాకిట్లో కూతురి కుట్టుమిషను బాగుచేస్తున్నాడు.

"తాళం దొరికింది. తప్పు నాదే. నాలుగు తిట్టవయ్యా నన్ను."

"దొరికిందా? పోన్లే బావా. కూర్చో, టీ తాగుదువుగాని."

"రేపు వస్తావుగా?"

స్క్రూ బిగించడం ఆపలేదు. "కోపం లేదు బావా. కానీ ఇక ఆ షెడ్డులో ఏది కనబడకపోయినా నా చెయ్యి ముందు జేబు మీదికే పోతుంది. అలా ఎలా పనిచేస్తాను చెప్పు?"

టీ తాగి వచ్చేశాను.

తాళాలు ఎక్కడో పెట్టి వెతుక్కునేవాళ్లకు అనుభవం మీద చెబుతున్నాను. ప్రతి తాళానికీ అరచేతంత చెక్కముక్క కట్టండి. నేను ఇరవై నాలుగింటికీ కట్టాను. అది ఏ జేబులోనూ పట్టదు, అడ్డముంటే బానెట్ మూసుకోదు. తాళం కనబడకపోతే ముందు మీరు ఆఖరుసారి నిలబడ్డ చోటికి వెళ్లండి. ఆ తర్వాతే నోరు తెరవండి.

అతనిప్పుడు వేరే షెడ్డులో చేస్తున్నాడు. సొట్టబండ్లన్నీ అక్కడికే పంపుతాను. ఇంటికి వస్తాడు, అక్కతో నవ్వుతూ మాట్లాడతాడు, నా పక్కనే కూర్చుంటాడు. బండి తెచ్చుకోవడానికి నేను వెళ్తే మాత్రం తాళం నా చేతికివ్వడు. అందరికీ కనిపించేలా బానెట్ మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేస్తాడు.

"ఇదిగో, ఇక్కడ పెట్టాను బావా. చూసుకో."

నేను తీసుకునేదాకా చూపు తిప్పడు.