అడవికి అడ్డంగా పచ్చగుడ్డ

అప్పట్లో నేను భద్రాచలం అడవి అంచున ఉన్న మా ఊళ్లో జాకెట్లు కుట్టేదాన్ని. రెండు వేల సంవత్సరం దాటి ఆరేళ్లో ఏడేళ్లో అయింది. మార్చి నెలలో ఒక మధ్యాహ్నం సినిమా కంపెనీ మేనేజరు చిరిగిన పచ్చగుడ్డ కొస పట్టుకుని మా వాకిట్లోకి వచ్చాడు. మిగతా గుడ్డంతా బయట ట్రాలీ ఆటో నిండా ఉంది.

"అక్కా, గాలికి చిరిగిపోయింది. రేపు పొద్దున్నకి అతికించాలి. కుట్టు మాత్రం కనపడకూడదు."

"ఇంత గుడ్డ ఏం చేస్తరు సారూ?"

"అడవి" అన్నాడు.

ఆయన చెప్పింది ఇదీ. కథలో దట్టమైన అడవి ఉందట. అందుకే డైరెక్టరు హైదరాబాదు నుంచి ఇంత దూరం వచ్చాడు. తీరా చూస్తే టేకు ఆకులన్నీ రాలిపోయి చెట్లు కట్టెల్లా నిలబడి ఉన్నాయి. ఆయన కుర్చీలో కూలబడి, ఇది అడవిలా లేదన్నాడట. దాంతో అడవిని కంప్యూటర్లో చేద్దామనుకున్నారు. హీరో పచ్చగుడ్డ ముందు నిలబడి నటిస్తే చాలు, పచ్చగా ఉన్న చోటల్లా తర్వాత వాళ్లకు కావలసిన చెట్లు వచ్చి కూర్చుంటాయి.

"మరి ఆ గుడ్డేదో హైదరాబాదులోనే కట్టుకోవచ్చు గదా?" అన్నాను.

"పర్మిషన్ ఈ అడవికే వచ్చింది అక్కా."

ఆ రాత్రంతా మిషను తొక్కాను. మా పుట్టింటి ఊరు మధిరలో చిన్నప్పుడు చూసిన పాత సినిమాలు గుర్తొచ్చాయి. వాటిలో కొండలు తెర మీద గీసినవే. హీరోయిన్ పమిట తగిలితే కొండ కదిలేది, మేం నవ్వేవాళ్లం. నాకు ఊహ తెలిశాక సినిమావాళ్లు నిజం కొండల దగ్గరికే వెళ్లి పాటలు తీయడం మొదలుపెట్టారు. ఇప్పుడేమో నిజం అడవి దాకా వచ్చి, దానికి అడ్డంగా గుడ్డ కడుతున్నారు. ఆ గుడ్డ మీద బొమ్మైనా లేదు. సినిమా తీశాక గీస్తారట.

మర్నాడు గుడ్డ ఎలా ఉందో చూద్దామని వెళ్లాను. వెదురు గడలకు బిగించి కట్టారు. హీరో అక్కడ లేని పులిని చూసి భయపడుతున్నాడు. అంతలో గుడ్డ కింది అంచు లేచింది. మా అత్త గంప పట్టుకుని వంగి బయటికొచ్చింది. ఆమె పూలు ఏరుకునే ఇప్పచెట్టు సరిగ్గా గుడ్డ వెనకే ఉంది. గంప అప్పటికి సగమే నిండింది. గుక్కెడు నీళ్లు తాగి మళ్లీ వెనక్కి వెళ్లబోతుంటే అసిస్టెంటు డైరెక్టరు పరుగున వచ్చాడు.

"పెద్దమ్మా, అటు వెళ్లకండి. అక్కడ అడవి వస్తుంది."

"అక్కడ అడవే ఉంది గద కొడుకా."

"అది కాదండీ, వేరే అడవి." అతను ఆమె పచ్చచీర వంక చూసి తల పట్టుకున్నాడు. "ఈ చీరలో మీరు సినిమాలో కనపడరు. తల, చేతులు, గంప మాత్రమే కనపడతాయి."

అత్త గంప కింద పెట్టింది.

"పూలేరితే అదిలించే ఫారెస్టు బీట్ సారుకు గూడ కనపడనా?"

"ఆయనకు కనపడతారు."

"మరి ఏం ఫాయిదా?" అని గంప తీసుకుని, గుడ్డ అంచు ఎత్తి లోపలికి వెళ్లిపోయింది.

చివరికి డైరెక్టరే దిగొచ్చాడు. మిగిలిన నాలుగు రోజులూ అత్త పూలు ఏరడం అయ్యాకే షూటింగు మొదలైంది.

సినిమా విడుదలయ్యాక ఊరంతా కలిసి భద్రాచలం వెళ్లి చూశాం. తెర మీద ఆకాశాన్ని తాకే చెట్లు, తాళ్లలా వేలాడే తీగలు, హీరో వెనక పెద్ద జలపాతం. హాలంతా ఈలలు. నేనూ చప్పట్లు కొట్టాను. నా కుట్టు ఎక్కడైనా కనపడుతుందేమోనని వెతికాను. కనపడలేదు. పని బాగా చేశానని సంతోషం వేసింది, కొంచెం చిన్నబుచ్చుకున్నాను కూడా.

"మన ఊరు ఏది?" అంది అత్త.

"అదే అత్తా, ఆయన నిలబడ్డ నేల."

"నేల వరకేనా?"

"నేల వరకే."

అక్కడితో అయిపోయిందనుకున్నాం. పది రోజులు తిరక్కుండానే సినిమా ఇక్కడే తీశారని విని ముదిగొండ నుంచి నలుగురు మగవాళ్లు రెండు బండ్ల మీద పులిహోర గిన్నెతో సహా వచ్చి, జలపాతానికి దారి ఎటని అడిగారు. లేదన్నాను. వాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. ఊరివాళ్లం కావాలనే దాస్తున్నామనుకున్నారు. అదంతా కంప్యూటర్లో చేసిందని, నేనే గుడ్డ కుట్టానని చెప్పాను. గుడ్డతో జలపాతం ఏమిటని నవ్వారు. అడవిలోకి వెళ్లి ఎండిన వాగు వెంట చాలాసేపు తిరిగి, చెమటలు కక్కుతూ తిరిగొచ్చారు.

వాళ్లలో పెద్దాయన అరుగు మీద కూర్చున్న మా అత్తను మెల్లగా అడిగాడు. "సినిమాల ఉంది గదమ్మా. ఏమైంది మరి?"

"షూటింగ్ అయిపోంగనే లారీల ఎక్కించుకొని పోయిన్రు" అంది అత్త.

ఆయన తలూపాడు. మిగతా ముగ్గురికీ అదే మాట చెప్పాడు. సరేనని అక్కడే పులిహోర తిని, బండ్లెక్కి వెళ్లిపోయారు.