మామ్మ చేటలో నా ఎడమ కన్ను

ఆ రోజుల్లో మనిషికున్న రెండు కళ్ళలో ఒకటి చూడడానికి, రెండోది ముఖం నిండుగా ఉండడానికి అనుకునేవాణ్ణి. (ఇంత తెలివిని ఎనిమిదేళ్ళు ఒంటరిగా మోశాను.) నా కుడి కన్ను చూసేది, ఎడమది పక్కన కూర్చుని ఉండేది. కుడిది మూస్తే లోకం గంజిలో పడ్డట్టుండేది. అందరికీ అంతే కాబోలని ఎవరితోనూ అనలేదు. కాలవ మీది తాటిదుంగ దాటుతూ అడుగు పక్కకి పడి నీళ్ళలో తేలితే, ఇంట్లోవాళ్ళు దుడుకుతనం అనుకునేవారు.

చివరికి నాన్నగారు అమలాపురంలో కళ్ళ డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన నా కుడి కన్ను మూసి, గోడ మీది అక్షరాలు చదవమన్నారు. "ఏ గోడండీ?" అన్నాను.

"కన్ను బాగానే ఉందండి మేష్టారూ. మొదట్నించీ మసగ్గా కనబడుతోందని మెదడే దాన్ని పట్టించుకోవడం మానేసింది. కళ్ళజోడు పెట్టి, మంచి కన్ను రోజూ కొన్ని గంటలు మూసెయ్యండి. గతిలేక రెండోది పని నేర్చుకుంటుంది. ఆలస్యం చేస్తే మాత్రం జన్మంతా ఇంతేనండి."

"ఆయ్, అలాగేనండి" అన్నారు నాన్నగారు.

మామ్మ మాత్రం ఒప్పుకోలేదు. "నీరసంగా ఉన్నోణ్ణి పడుకోబెడతారు గానీ, గట్టోణ్ణి పడుకోబెట్టి ఆ నీరసపోణ్ణి చేలోకి తోల్తారేంట్రా!" అంది. నాన్నగారు బడికి వెళ్ళగానే కుడి కంటి కట్టు విప్పి ఎడమ కంటికి కట్టేది, ఆయన వచ్చేవేళకి మళ్ళీ మార్చేది. వైద్యం ఇంత హాయిగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలీదు.

రెండు నెలల తర్వాత డాక్టరుగారు చూసి, "ఒక్క వరసైనా పెరగలేదేవండీ?" అన్నారు. నేను సాయం చేద్దామని, "ఇకనించి ఏ కట్టు కట్టమంటారండీ? మామ్మదా, నాన్నగారిదా?" అని అడిగాను. డాక్టరుగారు నాన్నగారివైపు తిరిగారు.

"క్రిస్మస్ దాకా చూద్దామండి. దగ్గరి పని చేయించండి. బియ్యంలో రాళ్ళు ఏరించినా సరే" అన్నారాయన.

మామ్మ రెండు రోజులు అన్నం తినలేదు. మూడోరోజు కుడి కన్ను తనే గట్టిగా కట్టి, చేట నా ఒళ్ళో పెట్టింది. ఆ కంటికి గింజా రాయీ ఒకటే. నేను బియ్యం పారేసి రాళ్ళు వండించేవాణ్ణి. భోజనాల దగ్గర కటుక్కుమనేది. నాన్నగారు నమలడం ఆపి కళ్ళు మూసుకునేవారు.

"ఇవాళ ఎన్నండీ?" అనేది అమ్మ.

"నాలుగు. నిన్నటి మీద మెరుగే."

(మామ్మకి పళ్ళు లేవు గనక నిశ్చింతగా తినేది.)

మా ఇంట్లో ఉండి కాలేజీకి వెళ్ళే చినమావయ్య మాత్రం, "ఒరేయ్ ఒంటికన్ను దొరా, ఇవెన్నిరా?" అంటూ వేళ్ళు చూపించేవాడు. కళ్ళు చిట్లించి "మూడు" అనేలోగా ఒకటి మడిచేసి, "అక్కా, వీడికి డాక్టరెందుకే, కర్ర కొనిపెట్టు!" అని నవ్వేవాడు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి, తర్వాత పెరట్లోకి వెళ్ళి ఏడ్చేవాణ్ణి.

నాలుగు రాళ్ళు రెండయ్యాయి, రెండు ఒకటైంది, ఆ తర్వాత పోయాయి. క్రిస్మస్‌కి వారం ముందు ఆ కన్నుతో ఐదో వరస దాకా చదివాను. డాక్టరుగారు నాన్నగారి భుజం తట్టారు. మామ్మ చర్చిలో ప్రార్థన అయ్యాక కూడా లేవలేదు.

ఆ ఆదివారమే, కట్టుతోనే చేట ముందు కూర్చున్నాను. తెల్లటి బియ్యంలో బియ్యపుగింజంత తెల్లరాయి ఒకటి దొరికింది. దాన్ని పారెయ్యలేదు. చొక్కా జేబులో వేసుకుని, భోజనాలవేళ మావయ్య కంచంలో పప్పు కింద సర్దాను.

కటుక్కుమంది. మావయ్య దవడ పట్టుకుని, "అక్కా! వీడి కన్ను ఇక బాగుపడదే!" అన్నాడు. అమ్మ నావైపు చూసింది. నేను కట్టు సవరించుకుని, పాపం చూపులేనివాడిలా తల వంచుకున్నాను.

అంత తెల్లటి బియ్యంలో అంత తెల్లరాయిని పట్టుకున్నానని ఎవరికైనా చెప్పుకోవాలని ఎంత ఉండేదో! చెబితే వీపు పగిలేది. ఆ కన్ను చేసిన మొదటి ఘనకార్యం ఇన్నేళ్ళూ నా దగ్గరే ఉండిపోయింది. చినమావయ్య మాత్రం ఇప్పటికీ, మా ఇంటికి భోజనానికొస్తే, మొదటి ముద్ద చాలా మెల్లగా నములుతాడు.