ఉప్పుగాలి తగలని కెమెరా

జాగ్రత్త అనే మాట వింటే నాకిప్పటికీ మా అక్క మొగుడే గుర్తొస్తాడు. ఒళ్ళు మండుతుంది.

హార్డ్ డిస్క్ కెమెరా కొన్న కొత్తలో మా బావ దాన్ని ఎవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు. భీమిలి ఒడ్డున నాలుగు నిమిషాలు తీస్తే అరగంట తుడిచేవాడు. "ఉప్పుగాలి బావా, తినేత్తది," అని నాతో అంటూ మెత్తటి గుడ్డతో, పసిపిల్లకి కాటుక దిద్దినంత సుతారంగా.

కెమెరా చూస్తే మొహం తిప్పేసుకునే మా నాన్నని ఒప్పించిందీ ఆయనే. "ఇది కేసెట్టు కాదు మామా. ఇందులో పడింది ఎక్కడికీ పోదు," అన్నాడు. ఆ మాట నమ్మి నాన్న వల అల్లుతూ, తుఫానులో చిక్కుకున్న రోజు గురించి చెప్పాడు. మధ్యలో తన పడవని తిట్టి, పగలబడి నవ్వాడు.

నాన్న పోయాక ఎప్పుడడిగినా బావది ఒకటే మాట. "బద్దరంగా ఉంది బావా."

సంవత్సరీకం ముందురోజు మద్దిలపాలెంలో వాళ్ళింటికి వెళ్ళాను. బీరువాలో చీరల మడతల్లోంచి కెమెరా తీసి నా చేతికిచ్చాడు. చిన్న తెర మీద ఒక్క బొమ్మా లేదు.

"నాన్నది ఏది బావా?"

"డిస్కు నిండిపోతే పాడైపోద్ది కదేటి? నెలనెలా అంతా సెరిపేత్తాను."

గుడ్డ తీసి, నా వేలిముద్ర పడిన చోట తుడిచాడు.

"సూడు, కొత్తదాన్లాగే ఉంది."