సగంలో ఆపేసే మేడమ్ గారు

తాళపత్రాల బీరువా తెరిచినప్పుడల్లా నిమ్మగడ్డి నూనె వాసన గుప్పుమంటుంది. పురుగు పట్టకుండా ఆ ఆకులకు నూనె రాయడం మాకు నేర్పింది ప్రొఫెసర్ వసుంధర గారు. విశ్వవిద్యాలయంలో ప్రాచీన సాహిత్యం చెప్పేవారు. ఆమె పరిష్కరించిన కావ్యాలు పండితులందరికీ తెలుసు. నాకు మాత్రం ఆ వాసన తగలగానే మా ఇంటి అరుగు మీద ఆమె కావ్యం చదివిన సాయంత్రమే గుర్తొస్తుంది.

ఆ ఏడు ఆమె శాఖకు గడ్డుకాలం. చేరేవాళ్లు లేరు. ఈసారీ తరగతి నిండకపోతే శాఖ ఎత్తేస్తామని పైవాళ్లు తేల్చి చెప్పారు. ఇంకొకరైతే అర్జీలు పట్టుకుని తిరిగేవారు. ఆమె వేసవి దాకా ఆగారు. మరమ్మతులకని కాలువల్లో నీళ్లు కట్టేశాక డెల్టాలో రైతుకు కాస్త తీరిక దొరుకుతుంది. ఆ రోజుల్లో ఊరూరూ తిరిగి, అరుగుల మీద కూర్చుని, తాను వెలికితీసిన కావ్యాన్ని రాగం తీసి చదువుతూ అర్థం చెప్పారు. అలాగే నిడదవోలు దగ్గర మా ఊరికీ వచ్చారు.

కథలో గోదావరి పొంగుతోంది. అవతలి ఒడ్డున రాకుమారి భర్త ప్రాణాపాయంలో ఉన్నాడు. పడవవాడు రానన్నాడు. రాకుమారి తానే తెడ్డు అందుకుంది. సరిగ్గా అక్కడ మేడమ్ గారు పుస్తకం మూసేశారు.

మా నాన్న ఊరుకోలేకపోయారు. "అదేంటండీ, సగంలో ఆపేశారు! ఇంతకీ ఆ పిల్ల ఒడ్డుకి చేరిందా లేదా?"

"మీ అమ్మాయిని మా క్లాసుకి పంపించండి. చదువుకొచ్చి చెబుతుంది."

"ఈ చదువుకి ఉద్యోగం వస్తుందంటారా?"

"వస్తుందని మాటివ్వలేనండి. బాగా చెబుతానని మాత్రం మాటిస్తాను."

ఆ మాటకే నాన్న మెత్తబడ్డారు. ఆ వారమంతా ఆయనకు అన్నం దగ్గర కూడా రాకుమారి గొడవే. చివరికి నన్ను వెళ్లమన్నారు.

చేరికల ఆఖరి రోజున, శాఖ మూసే సంగతి తేల్చడానికి ఒక అధికారి వచ్చారు. గది నిండిపోయి వరండా దాకా నిలబడి ఉన్నాం. అందరం సగం కథ విని వచ్చినవాళ్లమే. మేడమ్ గారు ఆయనకు నమస్కారం పెట్టారు.

"తాళం సంగతి తరవాత చూద్దాం గానీ సార్, ముందు కుర్చీలు పంపించండి."

కుర్చీలు వచ్చాయి. మేము చప్పట్లు కొడుతుంటే నాకు సంతోషంతో కళ్లు చెమ్మగిల్లాయి. ఆమె మాత్రం రాకుమారి తెడ్డు అందుకున్న చోటు నుంచే పాఠం మొదలుపెట్టారు.

మేడమ్ గారు ఇప్పుడు లేరు. ఆ శాఖకు నేనే అధిపతిని. ఈ రోజుల్లో కావ్యాలెవరికి కావాలండీ అని ఎవరైనా నిట్టూరిస్తే నాకు ఒళ్లు మండుతుంది.

"మీరు ఎవరి అరుగెక్కి అడిగారండీ?" అంటాను.