గొర్లు మేసే సముద్రం

వేసవి సెలవుల్లో పల్లె పిల్లలకు సముద్రం గురించి ఐదు రోజుల శిబిరం పెట్టాలని పైనుంచి కబురొచ్చినప్పుడు నేను పకపకా నవ్వాను. హిందూపురంలో కాపురం ఉండేదాన్ని. ఎండాకాలం వస్తే నీళ్ల ట్యాంకరు వెనక బిందె పట్టుకుని పరుగెత్తినదాన్ని. మాకెక్కడి సముద్రం?

సంగతి తర్వాత తెలిసింది. నేను జీవశాస్త్రం చెప్పే బడి పెనుకొండకు దగ్గర్లో ఒక పల్లెలో ఉంది. ఆ ఊరి పేరు చివర ‘సముద్రం’ అని ఉంటుంది. వెనకటి రాజులు మా సీమలో పెద్ద చెరువు కట్టిస్తే దానికి సముద్రం అనే పేరు పెట్టేవారు. చెరువు ఎండిపోయినా పేరు ఎండదు కదా. ఎవరో మహానుభావుడు ఆ పేరు చూసి, ఇది తీరప్రాంతమే అనుకుని, తాబేళ్ల పటాలు, గవ్వలు, పీతల బొమ్మలు ఉన్న పెట్టెను మా బడికి పంపించేశాడు. తిప్పి పంపిద్దామని హెడ్మాస్టరు అన్నారు. నాకు మొండితనం జాస్తి. వచ్చిన సముద్రాన్ని వదిలేది లేదన్నాను.

మొదటిరోజు బడి వరండాలో పిల్లలను కూర్చోబెట్టి, సముద్రం చూసినవాళ్లు చేతులెత్తండి అన్నాను. అందరూ ఎత్తారు. ముందు వరసలో, కాళ్లకు ఎర్రమన్ను అంటుకుని ఉన్న పదేళ్ల పాపను, ఎక్కడ చూశావమ్మా అని అడిగాను.

“ఆడే మేడం, బడెనకాల. మా గొర్లు దాంట్లోనే మేస్తాండాయి.”

నవ్వింది నేనొక్కదాన్నే. ఈ మేడంకు సముద్రం యాడుండాదో కూడా తెలీదని పిల్లలు నన్ను జాలిగా చూశారు.

ఆ రోజు తాబేలు పటం తీసి, నీళ్లలో తేలే ప్లాస్టిక్ కవర్లను తిండి అనుకుని అది ఎట్లా మింగేస్తుందో చెప్పాను. ఆ పాప చటుక్కున లేచి నిలబడింది. పోయినేడు వాళ్ల గొర్రె ఒకటి మేత మాని చచ్చిపోతే, కడుపు కోసి చూశారట. అన్నీ కవర్లేనట. నేను తెచ్చుకున్న పాఠం ఇక చెప్పాల్సిన పని లేకపోయింది.

చివరి రోజు ఊరి ముందు ఒక చిన్న నాటకం వేయాలనుకున్నాం. తల్లి తాబేలు ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టే కథ. మగపిల్లలందరూ సొరచేపలే అవుతామన్నారు. నిదానంగా పాకే తాబేలు వేషం ఎవరికీ పట్టలేదు, ఆ పాపకు తప్ప. “నేనే తాబేలైతా మేడం,” అంది. ఇంకెవరైనా అడుగుతారేమోనని ఇంటికి పోయేముందు మళ్లీ ఒకసారి గుర్తుచేసింది కూడా.

రెండోరోజు పాప రాలేదు. గొర్రెల వెంట పోయిందన్నారు. మధ్యాహ్నం వాళ్లింటికి పోయాను. అవ్వ అరుగు మీద కూర్చుని మోకాళ్లకు నూనె రాసుకుంటోంది. కొడుకూ కోడలూ కూలికి పోతారు, ఆమె నడవలేదు, గొర్రెల వెంట తిరగడానికి మనవరాలు తప్ప ఇంకెవరూ లేరు. మంచి మనిషే, మజ్జిగ ఇచ్చింది. పాపను మాత్రం పంపనంది.

“లేని సముద్రం కోసం ఉండే గొర్లను ఇడిసిపెట్టల్లా యేమ్మా? కట్ట కింద మల్బరీ తోట ఉండాది. ఒక్క గొర్రె దూరినా ఆ తోట ఆయప్ప ఊరంతా ఇనేట్టు తిడ్తాడు.”

స్టాఫ్ రూములో నాకు నోరు పెద్దదని పేరు. ఆ అరుగు మీద మాత్రం మజ్జిగ తాగి, గ్లాసు కడిగిపెట్టి లేచొచ్చేశాను. ఆ మజ్జిగ తాగినందుకు కూడా నా మీద నాకు కోపమొచ్చింది.

చెరువు కట్ట మీదుగా వెనక్కి వస్తూ కిందికి చూశాను. ఎండిన చెరువులో, తుమ్మచెట్ల నడుమ పాప ఒంటరిగా బోర్లా పడుకుని పాకుతోంది. రెండు చేతులు ముందుకు వేయడం, ఆగడం, మళ్లీ పాకడం. గొర్రెలు మేత మాని దాన్నే చూస్తున్నాయి. అప్పుడు నా బుద్ధి పనిచేసింది. పాప సముద్రం విడిచి రాలేకపోతే మనమే సముద్రంలోకి పోవాలి.

మరుసటి పొద్దున ఎండ ముదరకముందే శిబిరమంతా చెరువులో దిగింది. సున్నంతో నేల మీద తిమింగలాన్ని దాని అసలు కొలతలో గీశాం. తలకాడి నుంచి తోకకాడికి పోయేసరికి సున్నం అయిపోయింది. మన ఊరంతా దీనికి ఒక్కపూట తిండికే సరిపోతుందని ఒకడు లెక్క తేల్చాడు. గొర్రెలు దాని పొట్టలోంచి నింపాదిగా నడిచిపోయాయి. పిల్లలు వంతులేసుకుని వాటిని మళ్లేశారు, తుమ్మకంపకు చిక్కుకున్న కవర్లను ఏరి గోతాలకెత్తారు. అవ్వకు విషయం తెలిసినా అడ్డు చెప్పలేదు. గొర్లు కడుపునిండా మేసి వస్తుంటే ఆమెకు ఇబ్బందేముంది?

చివరి రోజు సాయంత్రం కట్ట మీద ఊరంతా కూర్చుంది. అవ్వ కూడా కర్ర పట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది. పాప వీపు మీద కోళ్లను మూసే గంప కట్టాం. గుడ్ల బదులు, దారం తీయడానికి పనికిరాని పట్టుగూళ్లు తెచ్చాం. సొరచేపలు అరిచి ఆయాసపడి పక్కకు తప్పుకున్నాక తాబేలు బయల్దేరింది. ఎంత నిదానంగా పాకిందంటే కట్ట మీద మాటలన్నీ ఆగిపోయాయి.

సగం దూరం వచ్చిందో లేదో, ముందు నడిచే పొట్టేలు మల్బరీ తోట వైపు తిరిగింది. మంద మొత్తం దాని వెనకే. గొర్రెలను కాయాల్సిన పిల్లలందరూ ఆటలో ఉన్నారు. గంప కింది నుంచి పాప చూసింది. పాకడం ఆపి మోకాళ్ల మీద లేచింది. అయిపోయింది, ఇక ఆట లేదు అనుకున్నాను.

నాకంటే ముందు అవ్వ లేచింది.

“నువ్వు లేయాకు పాపా. గుడ్లు పెట్టు. గొర్లను నేను సూసుకుంటా.”

కర్ర ఊపుకుంటూ, కుంటుకుంటూ కట్ట దిగి పోయింది. పాప మళ్లీ బోర్లా పడుకుంది. ఒడ్డుకొచ్చి, గుంత తవ్వి, పట్టుగూళ్లు ఒక్కొక్కటే పెట్టి, మన్ను కప్పింది. కట్ట మీద ఒకటే చప్పట్లు.

అవ్వ మందను మళ్లేసుకుని రొప్పుతూ వచ్చేసరికి జనం లేచి పంచెలు దులుపుకుంటున్నారు. ఆమె చుట్టూ చూసింది.

“అయిపాయనా? నేను సూడనే లేదే,” అంది.

పాప వెనక్కి తిరిగి గుంత దగ్గర కూర్చుంది. మన్ను తీసి గుడ్లన్నీ ఒడిలో వేసుకుని, గంప సర్దుకుని, మళ్లీ సముద్రం నడుమకు పోయింది. జనం మళ్లీ కూర్చున్నారు. అవ్వ చేతిలోని కర్ర తీసుకుని, ఈసారి గొర్రెలను నేను కాశాను.